జన్యువుగారికి మజ్జిగ

ఎండాకాలంలో ఎవరికి ఎండ తగులుతోందో తేల్చడానికి మా సంస్థలో ఒక కమిటీ వేశారు.

మాది వరి గింజ పరిశోధనా సంస్థ. కాలవ గట్టు మీద రెండు మేడలు, వాటి వెనక ప్రయోగాల పొలం, పొలం దాటాక ప్రహరీ బయట మా క్వార్టర్లు. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సూపరింటెండెంట్‌ని. ఎవరు సెలవు పెట్టినా, ఎవరు బదిలీ అయినా, ఎవరు రిటైరైనా ఆ కాగితం నా బల్ల మీదుగా పోవాల్సిందే. పొద్దున్నే ఇంట్లో అన్నం, కూర చేసి మా ఆయన కారియర్‌లో సర్ది, నాది ఇంకో కారియర్‌లో సర్దుకుని, పొలం గట్టు మీదుగా నడిచి ఆఫీసుకి వస్తాను.

ఆ ఏడు హెడ్డాఫీసు నుంచి వేసవి ఉపశమన పథకం అని ఒకటి వచ్చింది. ఎండ వల్ల పని దెబ్బతింటున్న వాళ్లకి కూలరు, నీడ, రెండు పూటలా మజ్జిగ, మధ్యాహ్నం విశ్రాంతి, అవసరమైతే ఒక సహాయకుడు. చదివినవాళ్లందరికీ కళ్లు చెమర్చాయి. మా పరిపాలనాధికారి భుజంగంగారు మాత్రం కళ్లజోడు సవరించుకుని చివరి వాక్యం చదివారు.

"ఎండ వలన పని తగ్గినట్లు శాస్త్రీయమైన ఆధారము జతపరచిన వారు మాత్రమే లబ్ధిదారులుగా పరిగణింపబడుదురు."

కమిటీకి మా డైరెక్టరు విరూపాక్షరావుగారే అధ్యక్షులు. అందరం దరఖాస్తులు పెట్టాం. అకౌంట్స్ వాళ్లని పిలిచి చూస్తే వాళ్ల బల్లల మీద బిల్లుల కట్టలు చలికాలంలో ఎంత ఎత్తున ఉన్నాయో ఇప్పుడూ అంతే ఎత్తున ఉన్నాయి. కనుక ఎండ ప్రభావం లేదు. డ్రైవర్ల జీపు దీపావళి నుంచీ షెడ్డులో ఉంది. లేని పని తగ్గదు. నా వంతు వచ్చింది.

"మీ సెక్షన్‌లో ఫైళ్లు ఆలస్యమవుతున్న మాట నిజమే కాత్యాయనిగారూ," అన్నారు డైరెక్టరుగారు సానుభూతిగా. "కానీ డిసెంబరులోనూ ఇలాగే అయ్యాయి కదా!"

నేను దరఖాస్తు వెనక్కి తీసుకుని వచ్చి కూచున్నాను.

ఆఖరున హైమ వెళ్లింది. హైమ ప్రాజెక్టు అసిస్టెంటు, కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఊరు టెక్కలి దగ్గర. మొగుడు పారాదీప్‌లో ఓడల మరమ్మతు దగ్గర ఫిట్టరు. తొలిచూలు, ఎనిమిదో నెల నడుస్తోంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, పూత దిగి గింజ పాలు పోసుకుంటున్న రోజులు. ఆ పిల్ల రోజూ మళ్లోకి దిగి, వంగి, కంకుల్లోంచి లేత గింజలు ఏరి, పొగలు కక్కే చల్లటి ద్రవంలో వేసి లాబ్‌కి తేవాలి. గట్టు మీదకి ఎక్కేటప్పుడు ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి ఆ సీసా మీద ఉంటాయి.

"ఎండ వల్ల నీ పని ఏమైనా తగ్గిందా అమ్మా?" అని అడిగారు డైరెక్టరుగారు.

"లేదు సార్! ఒక్క శాంపిలు కూడా పోలేదు," అంది హైమ గర్వంగా.

తలుపు పక్కన నించుని వింటున్న నేను నుదురు కొట్టుకున్నాను.

"రాసుకోండి," అన్నారు డైరెక్టరుగారు భుజంగంగారితో. "ఈ అమ్మాయికి ఎండ తగలడం లేదు."

అలా సంస్థ మొత్తం మీద ఎండ తగిలినవాడు ఒక్కడూ లేకపోయాడు. పథకం నిధులు వెనక్కి పోయే పరిస్థితి. నిధులు వెనక్కి పంపిన డైరెక్టరు మళ్లీ ఎక్కడికి పోస్టింగు అవుతాడో విరూపాక్షరావుగారికి తెలుసు. ఆయన రెండు రోజులు భోజనం సరిగ్గా చెయ్యలేదని వాళ్లావిడ మార్కెట్లో కనిపించి చెప్పింది.

మూడో రోజు డాక్టర్ తాజుద్దీన్ వచ్చాడు. హైమ పనిచేసేది ఇతని ప్రాజెక్టులోనే. మనిషి మెత్తన, మాట పొడి. ఎండలు ముదురుతున్నాయి, సాయంత్రాలు కాస్త మళ్లో చల్లనీళ్లు పెట్టించండి అని అడగడానికి ఒక గ్రాఫు పట్టుకొచ్చాడు.

ఆ గ్రాఫులో విషయం నాకు తాజుద్దీన్ అంతకుముందే ఒకసారి చెప్పాడు. మా ఇంట్లో కొత్త బియ్యం వండితే ముద్దయిపోతోందని విసుక్కుంటుంటే, నా తప్పు కాదని ఓదార్చడానికి. గింజ లోపల ఒక వంటిల్లు ఉంటుందట. ఆకు ఎండలో వండిన చక్కెర అక్కడికి పాలలా చేరుతుంది. ఆ చక్కెరని పిండిగా ఎలా కట్టాలో చెప్పే జన్యువులు ఉంటాయి. ఒకటి తిన్నగా దారాల్లా కట్టమంటుంది, ఒకటి కొమ్మలు కొమ్మలుగా కట్టమంటుంది. తిన్నని దారాలు ఎక్కువైతే అన్నం పలుకు పలుకుగా వస్తుంది, తక్కువైతే ముద్దవుతుంది. పాలు పోసుకునే వేళ వేడి మరీ ఎక్కువైతే ఆ జన్యువుల పని మందగిస్తుంది. పిండి గట్టిగా సర్దుకోక సందులు మిగిలి గింజ పొట్ట తెల్లగా సుద్దముక్కలా తయారవుతుంది. మరాడిస్తే నూకవుతుంది.

డైరెక్టరుగారు గ్రాఫు వంక చూశారు. ఎండ పెరుగుతున్న కొద్దీ గీత కిందకి జారుతోంది.

"ఇదేమిటి?"

"జన్యువు పని సార్. వేడికి తగ్గిపోతోంది."

"శాస్త్రీయమేనా?"

"పత్రికలో అచ్చయింది సార్."

విరూపాక్షరావుగారు కుర్చీలోంచి లేచారు. గ్రాఫుని రెండు చేతులా పట్టుకున్నారు. "భుజంగంగారూ! దొరికాడు."

"ఎవరు సార్?"

"లబ్ధిదారు!"

తాజుద్దీన్ గాభరాపడ్డాడు. "సార్, జన్యువంటే అక్కడ కూచున్న మనిషి కాదు సార్. ఎలా చెయ్యాలో రాసున్న సూచన. అంతే."

"సూచనలున్న చోట అధికారి ఉంటాడు తాజుద్దీన్. ఇరవై ఏళ్లుగా పరిపాలనలో ఉన్నాను, నాకు తెలీదా?"

దరఖాస్తు నన్ను నింపమన్నారు. పేరు దగ్గర పిండి జన్యువు అని రాశాను. చిరునామా, వెనక మడి. తండ్రి పేరు దగ్గర ఆగాను. భుజంగంగారు కూడా అక్కడే ఆగిపోతుందేమోనని భయపడ్డారు. కానీ వరి వంగడానికి తల్లి రకమూ తండ్రి రకమూ ఉంటాయట, తాజుద్దీన్ రెండూ చెప్పాడు. వృత్తి, పిండి తయారీ. వేడికి పని తగ్గినట్టు ఆధారం, జతపరచడమైనది. ఏ గడీ ఖాళీగా మిగలలేదు. మా సంస్థలో అంత నిండుగా వచ్చిన దరఖాస్తు అదొక్కటే. మర్నాడే మంజూరైంది.

పథకంలో ఏమేం ఉన్నాయో అవన్నీ లబ్ధిదారుకి అందించాలి. ఒకటి తగ్గినా ఆడిట్ ఊరుకోదు. ముందు కూలర్లు. కొత్తవి కొనడానికి టెండరు పిలవాలి గనక, అవి వచ్చేదాకా మా గదుల్లో ఫాన్లు విప్పి మడి చుట్టూ కర్రలకి కట్టారు. మేము అట్టలతో విసురుకుంటూ కిటికీలోంచి చూస్తే కంకులు గాలికి హాయిగా ఊగుతున్నాయి.

తరవాత నీడ. మొదట మధ్యాహ్నం మాత్రం ఆకుపచ్చ వల కప్పారు. పొద్దుటి ఎండ మాత్రం ఎండ కాదా అని కమిటీలో ఎవరో అన్నారు. దాంతో పగలంతా కప్పారు.

"సార్, ఆకుకి ఎండ తగిలితేనే చక్కెర వస్తుంది. చక్కెర రాకపోతే జన్యువు దేంతో పిండి చేస్తుంది?" అని తాజుద్దీన్ మొత్తుకున్నాడు.

"ముందు ఉపశమనం, ఆ తరవాత ఉత్పత్తి," అన్నారు డైరెక్టరుగారు. "మీరు మానవతా దృష్టితో ఆలోచించాలి."

మజ్జిగ దగ్గర కాస్త చర్చ జరిగింది. లబ్ధిదారుకి ఉప్పు పడదని తాజుద్దీన్ రాసిచ్చాడు. ఉప్పు లేకుండా, కరివేపాకు వేసి, పూటకో బిందె. దానిని మడిలో పొయ్యాలి. గట్టు పొడుగునా పిల్లులు కాపురం పెట్టాయి. మధ్యాహ్నం విశ్రాంతి వేళల్లో మడి దగ్గర ఎవరూ మాట్లాడకూడదు, డబ్బా కొట్టి పిట్టల్ని తోలకూడదు అని సర్క్యులర్ తీశారు. సర్క్యులర్ పిచ్చుకలకు బాగా నచ్చింది.

ఆ తరవాత వేడి పుట్టించే వస్తువుల సంగతి. మడికి దగ్గరలో వేడి పుట్టించే ఏ వస్తువూ ఉండకూడదని ఉత్తర్వు. జనరేటరుని కాలవ అవతల గోడౌనుకి మోయించారు. టీ కొట్టు పొయ్యి గేటు బయటికి పోయింది. డైరెక్టరుగారు తన కారుని కూడా గేటు దగ్గరే ఆపి, గొడుగు వేసుకుని నడిచి వచ్చేవారు. ఆ త్యాగానికి ఫోటో తీయించి హెడ్డాఫీసుకి పంపారు. మడి మధ్యలో ఒక పెద్ద ఉష్ణమాపకం పాతి, దానికో ఎర్రదీపం పెట్టారు. వేడి ఏమాత్రం పెరిగినా దీపం వెలుగుతుంది.

ఇంక మిగిలింది సహాయకుడు.

"ఇప్పటికే ఆ మడికి అలవాటున్న మనిషి ఎవరు?" అని అడిగారు డైరెక్టరుగారు.

అలా హైమ జన్యువుగారి సహాయకురాలైంది. శాంపిళ్లు తియ్యడంతోపాటు మజ్జిగ పొయ్యడం, ఫాన్లు తిప్పడం, దీపం కనిపెట్టుకుని ఉండడం కూడా ఆ పిల్ల మీదే పడ్డాయి. వల కింద గాలాడదు. తడికి ఆవిరి. ఆ పిల్ల బిందె దించి, నడుం పట్టుకుని నించునేది. ఒకరోజు నా కారియర్‌లోని మజ్జిగ ఇచ్చాను. గటగటా తాగేసింది.

"ఇందులో ఉప్పుంది మేడం," అంది మూతి తుడుచుకుంటూ. "ఎన్నాళ్లయిందో ఉప్పేసిన మజ్జిగ తాగి."

తొమ్మిదో నెల పడ్డాక హైమ సెలవు అడిగింది. పురిటికి పుట్టింటికి పోవాలి. వాళ్లమ్మ అప్పుడే మంచం, మంత్రసాని కాదు గానీ నర్సమ్మ, వెల్లుల్లి, కారప్పొడి అన్నీ సిద్ధం చేసుకుని కూచుంది. దరఖాస్తు నేనే తీసుకెళ్లి డైరెక్టరుగారి ముందు పెట్టాను.

"ఇప్పుడా?" అన్నారాయన దిగ్భ్రాంతితో. "లబ్ధిదారు పాల దశలో ఉండగానా?"

"ప్రసూతి సెలవు సార్. ఇవ్వాల్సిందే."

"ఇవ్వనన్నానా? గింజ నిండగానే ఇస్తాను. సహాయకులు లబ్ధి కాలం పూర్తయ్యే వరకు విధులను వీడరాదు అని పథకంలో ఉంది. చూపించండి భుజంగంగారూ!"

చూపించారు. ఉంది.

రెండు రోజుల్లో వాళ్లమ్మ అప్పలనరసమ్మ దిగింది. చేతిలో గుడ్డసంచి, సంచిలో సున్నుండలు. కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి, వల కింద మజ్జిగ బిందెతో నించున్న కూతుర్ని చూసి నా దగ్గరికి కాదు, సరాసరి డైరెక్టరుగారి గదిలోకి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను.

"ఏటి బావూ, నా పిల్ల సేత వరిసేనుకి మజ్జిగ పోయిస్తన్నారా?"

"అమ్మా, ఇది శాస్త్రానికి సంబంధించిన విషయం. కూచోండి."

"కూకోడానికి రాలేదు. పిల్లని తీసుకెల్లిపోడానికొచ్చాను. తొలికాన్పు పుట్టింట్లో జరగాల. పంపుతారా, పంపరా?"

"గింజ నిండగానే పంపుతాం. ఇంకెంత, కొద్దిరోజులు."

"మా పిల్లకీ కొద్దిరోజులే బావూ. ఏది ముందు నిండుతాదో మీ శాస్త్రంలో ఉందేటి?"

డైరెక్టరుగారు భుజంగంగారి వంక చూశారు. ఆ సంగతి తేల్చడానికి ఒక ఉపసంఘం వెయ్యవచ్చని భుజంగంగారు చెప్పారు. అప్పలనరసమ్మ ఇద్దరి వంకా ఒకసారి చూసి, సంచిలోంచి ఒక సున్నుండ తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తినమ్మా. ఈలకి పెట్టను."

ఆ రాత్రి తల్లి మా ఇంట్లోనే పడుకుంది. మర్నాడు పొద్దున్న గట్టు మీద నడుస్తూ వల దగ్గర ఆగాను. హైమ మడికి అవతలి పక్క ఫాను సరిచేస్తోంది. దీపం ఆరిపోయే ఉంది. నన్ను చూసి ఇటు వచ్చింది. ఉష్ణమాపకం పక్కకి వచ్చేసరికి ఎర్రదీపం టప్పున వెలిగింది. గాభరాపడి పక్కకి జరిగింది. కాసేపటికి ఆరింది.

"రోజూ ఇంతే మేడం. నేను దగ్గరికెళ్తే చాలు, వెలుగుతుంది. సార్‌కి చెప్పకండి, నన్ను తిడతారు."

"తిట్టరమ్మా," అన్నాను.

ఆఫీసుకి పోయి కారియర్ కింద పెట్టకుండానే నోటు రాశాను. లబ్ధిదారు సమీపమున వేడి పుట్టించు వస్తువు ఒకటి సంచరించుచున్నట్లు ఉష్ణమాపకము ద్వారా తెలియవచ్చినది. సదరు వస్తువును జనరేటరు విషయమున అనుసరించిన పద్ధతిలో తక్షణమే తొలగించుటకు ఆదేశములు కోరడమైనది.

డైరెక్టరుగారు గొడుగు కూడా మరిచిపోయి మడి దగ్గరికి వచ్చారు. కమిటీ మొత్తం వచ్చింది. హైమని ఉష్ణమాపకం దగ్గరికి రమ్మన్నారు. దీపం వెలిగింది. దూరంగా పొమ్మన్నారు. ఆరింది. భుజంగంగారు తను కూడా వెళ్లి నించున్నారు. దీపం పలకలేదు.

"మనిషికి వేడి ఉంటే నాకూ ఉండాలి కదా! ఈవిడకే ఎందుకు ఇంత?" అన్నారు డైరెక్టరుగారు.

తాజుద్దీన్ నా వంక చూశాడు. నేను వరి కంకుల వంక చూశాను.

"ఇద్దరి వేడి సార్," అన్నాడు తాజుద్దీన్ మెత్తగా. "ఆవిడ ఒంట్లో ఇద్దరున్నారు కదా. పైగా రోజురోజుకీ పెరుగుతుంది."

"ఇన్నాళ్లూ ఇక్కడే ఉంచామా!" విరూపాక్షరావుగారి మొహం పాలిపోయింది. "ఎంత దూరంలో ఉండాలి?"

"టెక్కలి దాకా ఉంటే క్షేమం సార్."

"సెలవు మాత్రం కుదరదు," భుజంగంగారు అడ్డొచ్చారు. "సహాయకులకు సెలవు లేదు."

"సెలవు కాదండి," అన్నాను. "జనరేటరుకి మనం సెలవు ఇవ్వలేదుగా? తరలించాం. అది గోడౌనులో ఉన్నా నెలనెలా దాని నిర్వహణ ఖర్చు ఇస్తూనే ఉన్నాం. ఈ అమ్మాయిని కూడా తరలిస్తాం. నిర్వహణ కింద జీతం వెళ్తుంది. ప్రమాదం తొలగిపోయాక వెనక్కి తెచ్చుకుంటాం."

భుజంగంగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన నియమాల్ని ప్రేమించే మనిషి. ఏ నియమానికీ నొప్పి తగలకపోతే ఆయనకి అభ్యంతరం లేదు. "జనరేటరు ఉత్తర్వునే నకలు తియ్యండి," అన్నారు చివరికి. "వస్తువు పేరు మార్చండి."

మధ్యాహ్నానికి ఉత్తర్వు టైపయింది. శ్రీమతి కె. హైమవతి అను ఉష్ణ మూలమును లబ్ధిదారు క్షేమము దృష్ట్యా టెక్కలికి తరలించడమైనది. తరలింపు సమయమున అదరకుండా, కుదుపు లేకుండా జాగ్రత్త వహించవలెను. ఆ చివరి వాక్యం జనరేటరుది. తీసెయ్యడం మరిచిపోయాను. మరిచిపోవడమే మంచిదయింది. దాని ప్రకారం ఆఫీసు ఖర్చు మీద కారు పెట్టారు.

కారెక్కుతూ కూడా ఆ పిల్ల శాంపిళ్లు ఎవరు తీస్తారని కంగారుపడింది. "నేను తీస్తాలే, నువ్వెక్కు తల్లీ," అన్నాడు తాజుద్దీన్. అప్పలనరసమ్మ కిటికీలోంచి అతనికి రెండు సున్నుండలిచ్చింది.

ఆ తరవాత దీపం మళ్లీ వెలగలేదు. జన్యువుగారు చల్లగా, నీడపట్టున, ఫాన్ల కింద, పొద్దుటా సాయంత్రమూ మజ్జిగ పుచ్చుకుంటూ గడిపారు. కోత కోశారు. కంకి చేత్తో పట్టుకుంటే ఈకలా తేలిగ్గా ఉంది. తూర్పారబడితే గాలికి పోయిన తాలు పోగా, కింద మిగిలిన గింజలు ఒక డబ్బాకి వచ్చాయి. అవైనా వల అంచుకి కాస్త ఎండ తగిలిన వరసల్లోవి.

తాజుద్దీన్ నివేదికలో ఉన్నదున్నట్టు రాశాడు. వేడి ఏమీ లేదు. పిండి కూడా ఏమీ లేదు.

డైరెక్టరుగారు మొదటి వాక్యం ఉంచి రెండోది కొట్టేశారు. కొట్టేసిన చోట, లబ్ధిదారు సంపూర్ణ విశ్రాంతి పొందియున్నారు, అని స్వహస్తంతో రాశారు. రాష్ట్రంలో పథకం నూటికి నూరు పాళ్లూ అమలైన సంస్థ మాదే అయింది. పాలకమండలి అధ్యక్షులుగారు స్వయంగా వచ్చి అభినందిస్తానని, ఆ బియ్యంతోనే భోంచేస్తానని కబురు చేశారు.

అదే వారం టెక్కలి నుంచి ఫోను వచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. వెనకాల ఏడుపు వినపడింది. మంచి గొంతు.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. భుజంగంగారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"కాత్యాయనిగారూ, అధ్యక్షులవారికి అన్నం వండేస్తే లబ్ధిదారు ఉనికి ముగుస్తుంది. లబ్ధిదారు లేకపోతే ప్రమాదమూ లేదు. తరలించిన వస్తువులు వెనక్కి తెప్పించాలి. జనరేటరుకి ఒక ఉత్తర్వు, ఆ అమ్మాయికి ఒకటి, తయారుచేసి ఉంచండి. వడ్డన కాగానే సంతకం."

"పసిగుడ్డునింకా ఉయ్యాల్లోనైనా వెయ్యలేదండీ!"

"జనరేటరు కూడా చాలా రోజులుగా ఖాళీగానే ఉంది," అన్నారాయన. రాకపోతే కాంట్రాక్టు రద్దని కూడా గుర్తుచేసి వెళ్లారు.

మర్నాడు వంట గురించి కమిటీ కూచుంది. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా తేలలేదు. లబ్ధిదారుకి వేడి తగలకూడదని పథకం. వేడి తగలకుండా అన్నం ఉడకదు. ఒకరు నానబెట్టి పెడదామన్నారు. ఒకరు అటుకులు చేద్దామన్నారు, అటుకులకీ ధాన్యం వేయించాలని గుర్తొచ్చి కూచున్నారు. సంస్థ ఆవరణలో పొయ్యి వెలిగించి లబ్ధిదారుని అందులో పెట్టే ఉత్తర్వు మీద సంతకం చెయ్యనని భుజంగంగారు ఖచ్చితంగా చెప్పేశారు.

"మా ఇంట్లో వండుకొస్తాను," అన్నాను. "మా వంటిల్లు సంస్థ ఆవరణ కిందికి రాదు. పథకం అక్కడ వర్తించదు."

గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. డైరెక్టరుగారు డబ్బా రెండు చేతులా అందించారు. "అంతా వండెయ్యండి. అధ్యక్షులవారు భోజనప్రియులు."

"దంచి, చెరిగి, నేనే చూసుకుంటానండీ," అన్నాను.

ఇంటికొచ్చి డబ్బా వంటింట్లో మంచినీళ్ల బిందె పక్కన, అన్నిటికంటే చల్లగా ఉండే మూల పెట్టాను. దాని మీద చాట బోర్లించాను. మా బియ్యం డబ్బా తీసి, రోజూ కొలిచే సోలతోనే కొలిచి, ఎసరు పెట్టాను. ఆ ముద్ద గొడవ తరవాత మేం కొనేది పాత బియ్యం. కొట్టు శెట్టి మాటల్లో చెప్పాలంటే గుప్పెడు పోస్తే గిన్నెడయ్యే, బుద్ధిగా ఒదిగే బియ్యం.

మా ఆయన తొంగిచూశారు. "అదేమిటి, సంస్థ బియ్యం వండుతున్నావనుకున్నాను. ఆ డబ్బా అలాగే ఉందేం?"

"అది ఆవిడ సెలవు," అన్నాను.

"ఎవరి సెలవు?"

"మీరు అరిటాకులు తుడవండి."

అధ్యక్షులుగారు వచ్చారు. దండలు, ఉపన్యాసం, తరవాత భోజనం. అన్నం మల్లెమొగ్గల్లా విడివిడిగా వచ్చింది. ముద్దపప్పు, వంకాయకూర, ఆవకాయ. ఆయన ఒక మెతుకు వేళ్ల మధ్య పట్టుకుని వెలుగుకి ఎత్తి చూశారు.

"చూడండి విరూపాక్షరావుగారూ! మెతుకు మెతుకులోనూ ఎంత ప్రశాంతత! కష్టపడని గింజ అని చూస్తేనే తెలిసిపోతోంది."

డైరెక్టరుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. తాజుద్దీన్‌కి పొలమారింది. మంచినీళ్లు అందించాను.

అధ్యక్షులుగారు మారు వడ్డించుకున్నారు. మళ్లీ మారు వడ్డించుకున్నారు. భుజంగంగారు జేబులో కలం తడుముకుంటూ నా పక్కకి వచ్చారు. "ఆ ఉత్తర్వులు సిద్ధమేనా? లబ్ధిదారు అయిపోయినట్టేగా?"

"అయిపోలేదండీ," అన్నాను అందరికీ వినిపించేలా. "డబ్బాలో ఇంకా ఉంది. ఈ అన్నం బాగా ఒదిగింది. మిగతాది విత్తనానికని ఉంచాను."

"ఇంతమంది తిన్నాక కూడా మిగిలిందా?" అధ్యక్షులుగారు ఆవకాయ చెయ్యి గాల్లో ఉంచి ఆగిపోయారు. "విశ్రాంతి ఇస్తే బియ్యం ఇంతలా ఒదుగుతుందా! ఇది రాయండి, రాయండి. ఆ విత్తనం జాగ్రత్త. ప్రతి జిల్లాకీ పంపాలి. దాని దగ్గరికి వేడి పుట్టించే వస్తువు ఏదీ రానివ్వకండి."

"విత్తనంలో లబ్ధిదారు ఉన్నట్టేనా?" భుజంగంగారు తాజుద్దీన్‌ని అడిగారు.

తాజుద్దీన్ గ్లాసు కింద పెట్టాడు. జీవితంలో మొదటిసారి అతను కమిటీ ముందు నిజం చెబితే అందరూ విన్నారు. "ప్రతి గింజలోనూ ఉంటుందండీ. మొత్తం."

భుజంగంగారు కలం జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం హైమ ఫోను చేసింది. పిల్లకి బారసాల చేస్తున్నారట, రాలేరా మేడం అని పిలిచింది. వస్తానన్నాను. కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, నన్నెప్పుడు రమ్మంటారో? అమ్మ ఊరికే భయపడతోంది."

ఫోను చెవికి ఆనించుకునే వంటింట్లోకి వెళ్లి, చాట తీసి చూశాను. గింజలు నిండుగా, చల్లగా ఉన్నాయి. వేలు పెట్టి ఒకసారి కలిపి, మళ్లీ చాట బోర్లించాను.

"డబ్బా నిండా ఉందమ్మా. మా ఇంట్లో అన్నానికి బియ్యం వేరే కొనుక్కుంటున్నాం. నువ్వు పిల్లకి పాలు పట్టుకో."